‘గ్యాస్ అయిపోయింది’ అనే మాట నమ్మే ముందు: ఆరేళ్లు వాడిన డబుల్ డోర్ ఫ్రిజ్ రివ్యూ

అందరికీ నమస్కారం. ఇప్పుడు మీకు చూపించబోయేది కొత్త ఫ్రిజ్ కాదు. చెన్నై వేళచ్చేరిలోని మా ఇంట్లో ఆరేళ్లుగా రాత్రింబవళ్లు నడుస్తున్న, 250 లీటర్లకు కాస్త పైబడిన, రెండు తలుపుల ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రిజ్. పెట్టె విప్పిన రోజునే చేసే రివ్యూలో తలుపు రంగు, అరల సంఖ్య, స్టార్ల సంఖ్య తప్ప చెప్పడానికి పెద్దగా ఏమీ ఉండదు. ఫ్రిజ్ ఎలాంటిదో అది మొరాయించినప్పుడు గాని తెలియదు. మాది ఇప్పటికి రెండుసార్లు మొరాయించింది. కంపెనీ పేరు మాత్రం చెప్పను, ఎందుకంటే ఈ లోపాలు ఏ కంపెనీ ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రిజ్‌లోనైనా రాగలిగినవే.

మొదటి సంగతి మే నెలలో జరిగింది. మనవైపు రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు గదా, ఇక్కడ కత్తిరి వెయిల్ పేరుతో ఆ ఎండలు మూడు వారాల ముందే మొదలవుతాయి. ఆ రోజుల్లో ఒక ఉదయం, ముందురోజు తెచ్చిన పాలు పొయ్యి మీద పెట్టగానే విరిగిపోయాయి. కింది అరలో పెట్టిన దోసెల పిండి రాత్రికి రాత్రే మూతను నెట్టుకుని పొంగి పొర్లింది. ఫ్రీజర్‌లో ఐసు మాత్రం రాయిలా గట్టిగానే ఉంది. వచ్చిన మెకానిక్ కింది అరలో చెయ్యి పెట్టి చూసి, ఇంకేదీ విప్పకుండానే, ‘గ్యాస్ అయిపోయింది సార్, 3,500 అవుతుంది’ అన్నారు.

ఈ వీడియో చేయడానికి కారణం ఆ ఒక్క మాటే. ఫ్రిజ్‌లోని గ్యాస్ బండిలోని పెట్రోలు లాంటిది కాదు, వాడుతున్నకొద్దీ తరిగిపోవడానికి. గ్యాస్‌ను నెట్టే కంప్రెసర్, వేడిని బయటికి వదిలే కండెన్సర్, సన్నని కేపిలరీ గొట్టం, చల్లబరిచే కాయిల్, ఇవన్నీ కలిసిన మూసిన వలయంలో అదే గ్యాస్ ఏళ్ల తరబడి తిరుగుతూ ఉంటుంది. అది తగ్గిందంటే ఎక్కడో చిల్లి పడిందని అర్థం. చిల్లి ఎక్కడుందో వెతకకుండా గ్యాస్ ఎక్కిస్తే, కొన్ని వారాలకో నెలలకో మళ్లీ అదే మాట వినవలసి వస్తుంది.

మరి మా ఫ్రిజ్‌లో గ్యాస్ ఉందో లేదో నేనెలా తెలుసుకున్నానంటే, ముందుగా ఫ్రీజర్‌లో ఒక థర్మామీటరు పెట్టాను. మైనస్ 17 డిగ్రీలు చూపించింది. ఫ్రీజర్ ఉండవలసినది మైనస్ 18 దగ్గర కాబట్టి, అక్కడ అంత చలి పుట్టిస్తున్న గ్యాస్ అయిపోయే అవకాశం లేదు. తరువాత మధ్య అరలో ఒక గ్లాసు నీళ్లు పెట్టి, రాత్రంతా ఉంచి, తెల్లవారాక ఆ నీళ్లను కొలిచాను. 4 డిగ్రీలు ఉండవలసిన చోట 13 ఉంది. గాలిని కాకుండా నీళ్లను ఎందుకు కొలవాలంటే, తలుపు తీసిన ప్రతిసారీ గాలి ఉష్ణోగ్రత మారిపోతుంది గాని నీళ్లది అంత తొందరగా మారదు.

పైన చలి ఉండి కింద లేదంటే, చలి పుట్టడం లేదని కాదు, పుట్టిన చలి కిందికి దిగడం లేదని. రెండు తలుపుల ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రిజ్‌లో సాధారణంగా చల్లబరిచే కాయిల్ ఒక్కటే ఉంటుంది. అది ఫ్రీజర్ వెనక, ఈ తెల్లని ప్లాస్టిక్ పలక చాటున ఉంటుంది. ఒక చిన్న ఫ్యాను ఆ కాయిల్ మీదుగా గాలిని లాగి, కొంత ఫ్రీజర్‌లోకీ కొంత సన్నని దారి గుండా కింది అరలకూ పంపుతుంది. గాలిలోని తేమ ఆ కాయిల్ మీద మంచుగా పేరుకుంటూ ఉంటుంది కాబట్టి, కొన్ని గంటలకొకసారి కంప్రెసర్ ఆగి, కాయిల్ కింద ఉన్న హీటరు వెలిగి, ఆ మంచును కరిగిస్తుంది. కరిగిన నీరు ఒక రంధ్రం గుండా వెనకవైపు ట్రేలోకి చేరి, కంప్రెసర్ వేడికి ఆవిరైపోతుంది. ఫ్రాస్ట్ ఫ్రీ అంటే మంచు పట్టకపోవడం కాదు, మన కంటికి కనిపించకముందే అది కరగడం.

ఈ కరిగించే పని ఆగిపోతే కాయిల్ మొత్తం మంచుగడ్డగా మారి గాలి దారిని మూసేస్తుంది. మాకు జరిగింది అదేనా అని తేల్చుకోవడానికి పైసా ఖర్చు లేని పరీక్ష ఒకటి ఉంది. సామానంతా పక్కింట్లో పెట్టి, ప్లగ్గు పీకి, తలుపులు రెండూ తెరిచి, కింద పాత దుప్పట్లు పరిచి, 24 గంటలు అలాగే వదిలేయాలి. మళ్లీ వేశాక ఫ్రిజ్ కొత్తదానిలా పనిచేసి, వారం పది రోజుల్లో తిరిగి అదే స్థితికి వస్తే, లోపం ఈ కరిగించే ఏర్పాటులో ఉన్నట్టే. మాది ఎనిమిది రోజులు చక్కగా నడిచి తొమ్మిదో రోజున మళ్లీ పిండి పొంగించింది. అమ్మ మాత్రం ఈ ఎనిమిది రోజుల ప్రయోగాన్ని ఇప్పటికీ క్షమించలేదు.

రెండో మెకానిక్‌ను పిలిచినప్పుడు ఈ వివరమంతా చెప్పి, పలక విప్పి చూడమన్నాను. కాయిల్ ఈ చివరి నుంచి ఆ చివరి దాకా సమానంగా తెల్లగా గడ్డకట్టి ఉంది. ఇది గుర్తుపెట్టుకోదగిన ఆనవాలు. గ్యాస్ సరిగ్గా ఉన్నప్పుడు మంచు కాయిల్ అంతటా పరుచుకుంటుంది. గ్యాస్ తగ్గినప్పుడు మొదటి ఒకటి రెండు వరుసల మీద మాత్రమే పట్టి, మిగతా కాయిల్ ఖాళీగా ఉంటుంది. ఆయన మీటరుతో హీటరును పరీక్షించి అది బాగానే ఉందని తేల్చారు. హీటరుకు కరెంటు అందించే బైమెటల్ అనే చిన్న బిళ్ల పోయింది. ఆ బిళ్ల, ఆయన కూలీ కలిపి 900 రూపాయలు అయింది. పాడైన ఆ రోజుల్లో కంప్రెసర్ ఆగకుండా నడవడం వల్ల ప్లగ్గుకు తగిలించిన చిన్న మీటరులో రోజుకు 1.9 యూనిట్లు కనిపించాయి. బాగైన తరువాత 0.8కి దిగింది. తమిళనాడులో ఈబీ బిల్లు, అంటే కరెంటు బిల్లు, రెండు నెలలకొకసారి వస్తుంది, అందులో ఇళ్లకు మొదటి 100 యూనిట్లు అప్పట్లో ఉచితం. ఆ ఉచితంలో ఎంత భాగాన్ని ఒక పాడైన బిళ్ల తినేయగలదో మీరే లెక్క వేసుకోండి.

అయితే గ్యాస్ నిజంగా కారిపోయే సందర్భాలు లేవని నేను అనడం లేదు. తిరువాన్మియూరులో సముద్రానికి రెండు వీధుల దూరంలో ఉండే మా పిన్ని ఇంట్లో, ఉప్పుగాలికి ఫ్రిజ్ వెనక గొట్టం తుప్పు పట్టి చిల్లి పడింది. అలాగే ఒకే తలుపు ఉన్న పాత రకం ఫ్రిజ్‌లలో, పేరుకున్న మంచును కత్తితో పెకిలించబోయి ఫ్రీజర్ అల్యూమినియం రేకుకు చిల్లి పెట్టినవాళ్లు ప్రతి బంధువర్గంలోనూ ఒకరైనా ఉంటారు. అలాంటి ఫ్రిజ్‌లో మంచు వేలు మందం చేరకముందే, నాబ్ మధ్యలో ఉండే డీఫ్రాస్ట్ బటన్ నొక్కి వదిలేస్తే చాలు.

గ్యాస్ ఎక్కించవలసి వచ్చినప్పుడు మెకానిక్ ఏం చేస్తున్నారో దగ్గరుండి చూడండి. ఇప్పటి ఫ్రిజ్‌లలో ఎక్కువగా ఉండేది ఆర్-600ఏ, అంటే ఐసోబ్యూటేన్. సిగరెట్ లైటరులో ఉండే వాయువుల కుటుంబానికే చెందిన, మండే స్వభావం ఉన్న గ్యాస్. మా ఫ్రిజ్ వెనక స్టిక్కరు మీద దాని బరువు 48 గ్రాములని రాసి ఉంది. అంత తక్కువ పరిమాణాన్ని చేతి అందాజుతో కాకుండా తూకం వేసి ఎక్కించాలి. చిల్లి మూశాక వ్యాక్యూమ్ పంపుతో గొట్టాల్లోని గాలినీ తేమనూ పూర్తిగా లాగాలి, తేమను పీల్చే ఫిల్టరు డ్రయ్యర్‌ను కొత్తది వేయాలి. లోపల ఆ గ్యాస్ ఉండగా వెల్డింగు మంట వెలిగించబోతే పని ఆపించండి. చిల్లి గోడల మధ్య ఉన్న ఫోమ్‌లో ఎక్కడో ఉందని తేలితే, నా అభిప్రాయంలో ఆ ఫ్రిజ్ మీద ఇక డబ్బు పెట్టకపోవడమే మంచిది.

రెండోసారి మా ఫ్రిజ్ మొరాయించినప్పుడు లక్షణం వేరు. ఫ్రీజర్‌లోనూ కింది అరల్లోనూ చలి లేదు. కొన్ని నిమిషాలకొకసారి వెనక నుంచి చిన్న మూలుగు, ఆపైన ‘టక్’ మనే చప్పుడు, మళ్లీ నిశ్శబ్దం. కంప్రెసర్ బయలుదేరలేక, ఓవర్‌లోడ్ అనే రక్షణ స్విచ్చి దాన్ని ఆపేస్తున్నదన్నమాట. ఓల్టేజి తగ్గినా ఇలాగే జరుగుతుంది కాబట్టి ముందు దాన్ని చూసుకోవాలి. మా ఇంట్లో అది సరిగ్గానే ఉంది. మెకానిక్ కంప్రెసర్ పక్కనున్న, దాన్ని బయలుదేరదీసే రిలేను ఊడదీసి చెవి దగ్గర ఆడిస్తే, లోపల బిళ్ల పగిలి గలగలమన్నది. 350 రూపాయలతో పని అయిపోయింది. ఇది మామూలు కంప్రెసర్ సంగతి. అవసరాన్ని బట్టి వేగం మార్చుకునే ఇన్వర్టర్ కంప్రెసర్ అయితే రిలే ఉండదు, దాన్ని నడిపే బోర్డును పరీక్షించాలి. ఆ బోర్డు మీదికి బల్లి చేరి, తానూ పోయి, బోర్డునూ పోగొట్టడం మన ఊళ్లలో అరుదేమీ కాదు.

నిర్వహణ గురించి ఎక్కువ చెప్పను. పది రూపాయల నోటును తలుపుకూ ఫ్రిజ్‌కూ మధ్య పెట్టి మూసి లాగండి. బిగువు లేకుండా జారి వచ్చేస్తే అక్కడ రబ్బరు పట్టడం లేదు. ముందు గోరువెచ్చని సబ్బునీళ్లతో ఆ రబ్బరు మడతల్లో ఎండిన పిండినీ పాల మరకలనూ తుడిచి చూడండి, చాలాసార్లు అంతటితో సరిపోతుంది. పక్క గోడలు వేడెక్కడం లోపం కాదు, అనేక ఫ్రిజ్‌లలో కండెన్సర్ గొట్టాలు ఆ గోడల్లోనే ఉంటాయి. అందుకే బీరువాకూ గోడకూ మధ్య ఇరికించకూడదు. నాబ్ మీది అంకె డిగ్రీలు కాదు, అది పెరిగినకొద్దీ చలి పెరుగుతుంది. స్టిక్కరు మీద క్లైమేట్ క్లాస్ ‘టీ’ అని ఉంటే 43 డిగ్రీల వేడి దాకా, ‘ఎస్‌టీ’ అని ఉంటే 38 దాకా పనిచేసేలా తయారైనదని అర్థం. చెన్నైకి మొదటిదే కావాలి. వెనక ట్రేలో నీరు నిలిచిపోతుంటే వారానికొకసారి పారబోయండి. దోమల తనిఖీకి మా వీధికి వచ్చే కార్పొరేషన్ సిబ్బంది ముందుగా చూసేది దాన్నే.

2023 డిసెంబరులో మిగ్‌జాం తుఫాను, మనవాళ్లకు బాపట్ల దగ్గర తీరం దాటినదిగా గుర్తున్న ఆ తుఫానే, వేళచ్చేరిని ముంచింది. మేము మొదటి అంతస్తులో ఉన్నాము కాబట్టి కరెంటు లేకపోవడం ఒక్కటే మా కష్టం. తలుపు తీయకుండా ఉంచితే కింది అరల్లో చలి సుమారు 4 గంటలు, నిండుగా ఉన్న ఫ్రీజర్‌లో దాదాపు 48 గంటలు, సగమే నిండితే 24 గంటలు నిలుస్తుంది. కింది అంతస్తువారి ఫ్రిజ్‌లో కంప్రెసర్ దాకా నీళ్లు చేరాయి. అలాంటప్పుడు, ఎండలో ఎంత ఆరబెట్టినా సరే, మెకానిక్ చూడకుండా ప్లగ్గు పెట్టడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే.

ఇక ఈ ఫ్రిజ్ మీద నా తీర్పు. చల్లదనంలో వంక పెట్టడానికి లేదు, చప్పుడు తక్కువ. మూడు విషయాల్లో మార్కులు తగ్గిస్తాను: నీరు దిగే రంధ్రం మరీ సన్నగా ఉండి రెండుసార్లు మూసుకుపోయి, కూరగాయల డబ్బా కింద మడుగు కట్టి, సిరంజితో గోరువెచ్చని నీళ్లు కొట్టి తెరవవలసి వచ్చింది; వెనక పలక క్లిప్పులు మొదటిసారి విప్పగానే విరిగాయి; వారంటీ కాగితంలో కంప్రెసర్‌కు పదేళ్లని పెద్ద అక్షరాలతోనూ, గ్యాస్‌కూ కూలీకీ అది వర్తించదని చిన్న అక్షరాలతోనూ ముద్రించారు. ఈ ఉదయం గ్లాసులోని నీళ్లు 4 డిగ్రీలు చూపించాయి. కింది తలుపు రబ్బరు ఒక మూల నోటును ఇంకా వదిలేస్తున్నది, కొత్తది తెప్పించి వేయాలి.