మోరీ నీళ్లలో కరెంటు: గోలెం దాటాలంటే

(నల్లగొండలో డిగ్రీ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్తే. కేతేపల్లి దిక్కు నుంచి వచ్చినవాళ్లకు మూసీ వాసన గురించి నేను చెప్పే పని లేదు. హైదరాబాద్ మోరీలను మోసుకొచ్చి, వాడపల్లి దగ్గర కృష్ణలో కలిసేదాకా ఆ నది మన పొలాల పక్కనుంచే పోతుంది. దాని కత్వల (చిన్న ఆనకట్టల) కింద పేరుకునే నల్ల బురదే ఇవాళ్టి ముచ్చట.

తిండి తిన్న ప్రతి జీవీ ఎలక్ట్రాన్లను ఎక్కడో వదిలించుకోవాలి. మనం ఆక్సిజన్‌కు ఇస్తాం. గాలి అందని బురదలో జియోబాక్టర్ లాంటి సూక్ష్మజీవులు ఇనుప తుప్పుకు ఇస్తాయి. ఆ తుప్పు స్థానంలో కార్బన్ గుడ్డ పెట్టి, తీగతో గాలి తగిలే మరో ఎలక్ట్రోడ్‌కు కలిపితే, తీగలో కరెంటు నడుస్తుంది, మురుగు కరుగుతుంది. ఇట్లాంటి తొట్టినే మైక్రోబియల్ ఫ్యూయెల్ సెల్, అంటే సూక్ష్మజీవుల ఇంధన ఘటం అంటారు. ఇంగ్లండులో పాటర్ అనే వృక్షశాస్త్రవేత్త 1911లోనే సూక్ష్మజీవుల నుంచి కరెంటు వస్తుందని చూపించాడు. మరి వందేళ్లు దాటినా ఊరి మురుగుకు ఎందుకు రాలేదు?

గోలెంలో పనిచేసింది చెరువులో పనిచేయదు కాబట్టి. తొట్టి పొడవు, వెడల్పు, లోతు రెండింతలు చేయండి: నీళ్లు ఎనిమిదింతలు, గోడలు నాలుగింతలే. సూక్ష్మజీవులు ఉండేది గోడలకు పరిచిన ఎలక్ట్రోడ్ మీద. పైగా ఇళ్ల మురుగులో ఉప్పు తక్కువ, విద్యుత్తుకు దారి ఇరుకు. అందుకే పెద్ద తొట్టి కట్టరు, చిన్నవి చాలా కడతారు. వాటిని వరుసగా కలిపితే ఇంకో చిక్కు: జోడెడ్లలో ఒకటి మొరాయించినట్టు, తిండి అందని సెల్ వోల్టేజీ తిరగబడి మిగతావాటిని వెనక్కి గుంజుతుంది.

2007లో ఆస్ట్రేలియాలోని యటాలా బీరు ఫ్యాక్టరీలో మూడు మీటర్ల గొట్టాల్లాంటి సెల్‌లు 12 పెట్టారు. అన్నీ కలిపి ఘనమీటరు. నీళ్లలో విద్యుత్ వాహకత తక్కువై కరెంటు పెరగలేదు. కాలిఫోర్నియాలో ద్రాక్షసారా మురుగుతో వెయ్యి లీటర్ల రియాక్టరు నడిపారు. ఇది ఇదే పద్ధతిలో, బయటి నుంచి కొంచెం కరెంటు ఇచ్చి హైడ్రోజన్ తీసే రకం. హైడ్రోజన్ కోసం చూస్తే ఎక్కువగా మీథేన్ వచ్చింది! నాకైతే ఇవి ఓటములుగా కనిపించవు. ఎక్కడ అడ్డం పడుతుందో చూపించాయి.

నా అభిప్రాయం సూటిగా చెబుతా. దీంతో ఊరికి బల్బులు వెలిగిస్తామనేవాళ్లను నమ్మకండి. ఫ్లోరైడ్ పోతుందన్నా నమ్మకండి, అది వేరే రోగం. మామూలు శుద్ధి కేంద్రంలో గాలి ఊదే బ్లోయర్లే కరెంటు బిల్లులో పెద్ద భాగం తింటాయి. ఇక్కడ ఆ ఊదుడు తగ్గుతుంది, మిగిలే బురదా తగ్గుతుంది. లెక్క అక్కడ వేయాలి. ఎలక్ట్రోడ్ ధర ఆ ఆదాను మింగకూడదు. అందుకే గాలి తగిలే ఎలక్ట్రోడ్ మీద ఉత్ప్రేరకంగా పూసే ఖరీదైన ప్లాటినం వదిలి ఉత్తేజిత బొగ్గు వైపు మళ్లారు.

హాస్టల్ వంటగది మురుగుతో మొదలుపెడదాం. కత్వ నుంచి తెచ్చిన బురద సీసా బల్ల మీద ఉంది. మూత మాత్రం బయటికి పోయినంకనే తీయండి.