కట్లపాముకి బంగారం పేరెవరు పెట్టారు?

కట్లపాము తెలుసుగా? నల్లగా నిగనిగలాడుతూ, ఒంటి నిండా సన్నటి తెల్ల కట్లు. దాని శాస్త్రీయ నామం బంగారస్ సెరూలియస్. ఆ బంగారస్ అన్నది లాటిన్ మాట అనుకునేరు. కాదండీ, మన బంగారమే! నల్ల పాముకి బంగారం పేరేంటంటే, దాని వెనక ఓడల్లో వెళ్లిన కట్టల కథ ఉంది.

మొక్కలకీ జంతువులకీ శాస్త్రీయ నామాలు పెట్టే పద్ధతి తెచ్చిన లిన్నేయస్ దగ్గర స్వీడన్‌లో చదువుకున్న కోనిగ్ అనే డాక్టరు 1768లో తమిళనాడు తీరంలోని తరంగంబాడి వచ్చాడు. మొక్కల్ని ఎండబెట్టి యూరప్‌కి పంపేవాడు. 1785లో మన కాకినాడ జగన్నాథపురంలో జిగట విరేచనాలతో పోయాడు. పోతూ తన రాతలన్నీ లండన్‌లో ఉన్న జోసెఫ్ బ్యాంక్స్ అనే ప్రకృతి శాస్త్రవేత్తకి రాసిచ్చేశాడు. మనవాళ్లు పొలం పుట్రా రాసిచ్చినట్టు, ఈయన నోటు పుస్తకాలు రాసిచ్చాడన్నమాట! ఏ దేశం నుంచి ఉత్తరం వచ్చినా, విత్తనం వచ్చినా చేరేది ఆ బ్యాంక్స్ ఇంటికే.

కోనిగ్ ఈస్టిండియా కంపెనీలో ప్రకృతి శాస్త్రవేత్తగా చేసేవాడు. ఆయన తర్వాత ఆ ఉద్యోగం ప్యాట్రిక్ రస్సెల్‌కి వచ్చింది. రస్సెల్ ఉండేది విశాఖపట్నంలో. ఆయనా డాక్టరే. పాముకాటుకి మందు సంగతి తర్వాత, ముందు ఏది విషప్పామో జనానికి తెలియాలి కదా అనుకున్నాడు. పాముల్ని తెప్పించుకుని, పొలుసులు లెక్కపెట్టి, కోళ్ల మీదా కుక్కల మీదా కాటు పరీక్షించాడు. ఇక్కడివాళ్లు చెప్పిన పేరుని చెవికి ఎలా వినపడితే అలా ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్నాడు.

1796లో ఆయన పుస్తకం లండన్‌లో అచ్చయింది. అందులో ఒక పేరు చదువుతాను, వినండి: 'కటుక రేకుల పొడ'. కాటుక రేకుల పొడ! రక్తపింజర ఒంటి మీది మచ్చలు చూసినవాళ్లకి ఇంతకంటే చెప్పాలా? ఎంత చక్కటి పేరండీ! కానీ మరుసటి ఏడాదే జార్జి షా అనే ఆయన దానికి రస్సెల్ పేరు పెట్టేశాడు. కాటుక కరిగిపోయింది. చెప్పినవాళ్ల పేర్లా? అవి ఎవరికీ అక్కర్లేకపోయాయి. నాకు మాత్రం కడుపు మండుతుంది.

ఇంకో పేరు బతికింది. పసుపు, నలుపు పట్టీల పాముని రస్సెల్ 'బంగారుం పామ' అని రాశాడు. 1803లో ఫ్రాన్సులో డోడాన్ అనే జంతుశాస్త్రవేత్త ఆ మాటకి లాటిన్ తోక తగిలించి, ఆ జాతి మొత్తానికీ బంగారస్ అని పెట్టాడు. పసుపు పట్టీల దానికి సరే. అదే గంపలో పడ్డ పాపానికి మన కట్లపాముకీ బంగారమే అంటుకుంది.