యాక్సిడెంట్ పేషెంట్లకి రాళ్లు లేకుండానే గాల్‌బ్లాడర్ ఎందుకు వాస్తుంది? విజయవాడ స్టూడియో చర్చ

యాంకర్: అన్నా, గుంటూరు నుంచి వచ్చారు, ముందు మీరు చెప్పండి.

పేషెంట్ అన్న: మా తమ్ముడండీ, మంగళగిరి దగ్గర బండి మీంచి పడ్డాడు, తొడ ఎముక విరిగి రక్తం బాగా పోయింది. ఆపరేషన్ బానే అయింది, ఇంక గండం గడిచింది అనుకున్నాం. తొమ్మిదో రోజు జ్వరం, వెంటిలేటర్ మీదున్నోడు నొప్పని చెప్పలేడు కదా, అందరం కాలికే చీము పట్టిందేమో అనుకున్నాం. తీరా స్కానింగ్ చేస్తే గాల్‌బ్లాడరంట, అదే పిత్తాశయం, వాచిందంట, రాయి ఒక్కటి కూడా లేదంట!

సర్జన్: గాల్‌బ్లాడర్ వాపు కేసుల్లో 5 నుంచి 10 శాతం దాకా ఇలా రాయి లేనివేనండీ. రక్తం పోయి బీపీ పడిపోతే ఒళ్లు ఉన్న రక్తాన్ని గుండెకి, మెదడుకి మళ్లించి పొట్టలో అవయవాలకి తగ్గించేస్తుంది. గాల్‌బ్లాడర్‌కి వెళ్లే రక్తనాళం చిన్నది, అది సన్నబడితే ఆదుకోడానికి పక్కదారి ఉండదు, గోడ దెబ్బతిని కుళ్లడం మొదలవుతుంది.

యాంకర్: దెబ్బ కాలికి కదా, మరి అన్ని రోజుల తర్వాత ఎందుకు మేడమ్?

ఐసీయూ డాక్టర్: ఒక్క బీపీతోనే అయిపోదండీ. మనం తిన్నప్పుడే గాల్‌బ్లాడర్ ముడుచుకుని పైత్యరసాన్ని పేగులోకి వదుల్తుంది. ఇక్కడ నోటికి ఏమీ లేదు, పోషణంతా నరంలోంచే, దానికితోడు నొప్పికిచ్చే మార్ఫిన్ లాంటి మందులు పైత్యరసం దిగే ద్వారాన్ని బిగించేస్తాయి. బందరు కాలవకి నీళ్లొదలకపోతే ఏమవుద్ది, అడుగున బురదే కదా, లోపల అదే జరుగుతుంది, ఆ చిక్కటి రసం గోడని ఒరుస్తుంది, ఇన్ఫెక్షన్ తర్వాత చేరుతుంది. వెంటిలేటర్ ప్రెషర్, ఎక్కువ రక్తం ఎక్కించడం, సెప్సిస్, అంటే ఇన్ఫెక్షన్‌కి ఒళ్లంతా దెబ్బతినే పరిస్థితి, ఇవన్నీ తోడవుతాయి. అందుకే పేగు ఓర్చుకుంటే ముక్కు గొట్టం ద్వారా త్వరగా ఫీడ్ మొదలెట్టమని నేను గట్టిగా అంటాను.

సర్జన్: స్కానింగ్‌లో గోడ 3 మిల్లీమీటర్లు దాటితే అనుమానించాలి, కాకపోతే రక్తంలో ఆల్బుమిన్ అనే ప్రోటీన్ తగ్గినా గోడ మందంగానే కనపడుద్ది, అందుకని ఒక్క స్కాన్‌తో తేల్చకుండా మళ్లీ మళ్లీ చూడాలి. ఆలస్యమైతే గోడ చిల్లు పడుతుంది, మరణాలు 30 శాతం దాకా ఉంటాయండీ, చిన్న విషయం కాదిది.

పేషెంట్ అన్న: మావాడికి కోయకుండా పక్కనుంచి గాల్‌బ్లాడర్‌లోకి గొట్టం వేసి లోపలి రసం బయటికి తీశారు.

సర్జన్: మత్తు తట్టుకోలేని స్థితిలో అదే మంచిదండీ. గోడ కుళ్లిపోయుంటే మాత్రం తీసెయ్యాల్సిందే.

యాంకర్: ఇంట్లోవాళ్లు ఏం గమనించాలి మేడమ్?

ఐసీయూ డాక్టర్: కారణం తెలియని జ్వరం, ఫీడ్ ఇస్తుంటే పొట్ట ఉబ్బడం, కళ్లు పచ్చబడటం. ఏది కనపడినా "పొట్ట స్కానింగ్ చేశారా అండీ" అని అడిగెయ్యండి, మొహమాటపడొద్దు. మిషన్ మంచం దగ్గరికే తెస్తారు.