జీప్‌లోకి సెకండ్ హ్యాండ్ హ్యామ్ రేడియో: యాయెసు ఎఫ్‌టీ-8800ఆర్ ఇప్పుడు కొనొచ్చా?

నమస్కారం అండీ. ఈసారి టేబుల్ మీద ఉన్నది కొత్త వస్తువు కాదు. యాయెసు ఎఫ్‌టీ-8800ఆర్. ఇది బండిలో బిగించే హ్యామ్ రేడియో, అంటే లైసెన్సు తీసుకున్న ఔత్సాహికులు తమలో తాము మాట్లాడుకునే రేడియో. కంపెనీ దీని తయారీ ఆపేసి చాలా కాలమైంది. టెక్సస్‌లో, బెల్టన్ హ్యామ్‌ఫెస్ట్‌లో (హ్యామ్ రేడియో వాళ్ళ సంతలో), బల్ల మీద పాత సామాను పరుచుకుని కూర్చున్న ఒక పెద్దాయన దగ్గర 200 డాలర్లకి తీసుకున్నాను. నా జీప్ రాంగ్లర్‌లో బిగించి వాడుతున్నాను. ఇది బాగుందా లేదా అనేది చెప్తాను కానీ, పాత రేడియోని కొనే ముందు ఎలా పరీక్షించాలో ఇంకా ఎక్కువ చెప్తాను. ఎందుకంటే మీకు దొరికేది ఈ పీసు కాదు కదా, ఇంకొకరు వాడి వదిలేసిన మరో పీసు.

డాలస్ చుట్టుపక్కల మనవాళ్ళు చాలామందే జీపులు, టయోటా ఫోర్‌రన్నర్లు కొంటున్నారు. గిల్మర్ దగ్గర బార్న్‌వెల్ మౌంటెన్‌కి వెళ్ళినా, బిగ్ బెండ్‌లో ఓల్డ్ ఓర్ రోడ్డు ఎక్కినా ఫోన్ సిగ్నల్ మీద ఆశ పెట్టుకోలేం. ముందు బండి మలుపు తిరిగి కనపడకుండా పోయాక "ఆగండి, వెనకాల బండి ఇరుక్కుంది" అని చెప్పడానికి ఏదో ఒక దారి ఉండాలి. చేతిలో పట్టుకునే చిన్న సెట్టు 5 వాట్లు, దాని యాంటెన్నా కూడా బండి లోపలే. ఇది 50 వాట్లు, యాంటెన్నా బయట. నన్నడిగితే అసలు తేడా ఆ వాట్లలో లేదు, బయట ఉన్న యాంటెన్నాలో ఉంది. దాని సంగతి తర్వాత చెప్తాను.

ఈ మోడల్ ప్రత్యేకత ఏంటంటే, రెండు ఫ్రీక్వెన్సీలు ఒకేసారి వినిపిస్తాయి. ఇదిగో చూడండి, ఎడమవైపు నాబ్‌లు వేరు, కుడివైపు వేరు. వాల్యూమ్ కూడా దేనికది. నేను ఎడమవైపు మా బండ్ల ఫ్రీక్వెన్సీ, కుడివైపు ఆ ఏరియా రిపీటర్ (మన మాటని అందుకుని ఇంకా దూరానికి తిరిగి పంపే స్టేషన్) పెట్టుకుంటాను. గతుకుల్లో స్టీరింగ్ పట్టుకుని మెనూలు వెతుక్కునే పని లేదు. దీనికంటే చవగ్గా ఎఫ్‌టీ-7900ఆర్ దొరుకుతుంది, మంచి సెట్టే. కానీ అందులో ఒక సమయానికి ఒక్కటే వినగలం. 8900ఆర్‌లో 29, 50 మెగాహెర్ట్జ్ బ్యాండ్లు (ఫ్రీక్వెన్సీల వరుసలు) అదనం. వాటికి తగ్గ యాంటెన్నా పొడవవుతుంది, చెట్ల కొమ్మలకి తగులుతుంది. ట్రయిల్ కోసమైతే ఆ అదనపు డబ్బు దండగ.

ఇంకో మంచి విషయం, క్రాస్ బ్యాండ్ రిపీట్. బండిని గుట్ట మీద ఆపి, చిన్న సెట్టు పట్టుకుని కింద వాగు దాకా నడిచి వెళ్తారు. మీ చిన్న సెట్టు మాట 70 సెంటీమీటర్ల బ్యాండ్‌లో (యూహెచ్ఎఫ్) బండికి చేరుతుంది, బండి దాన్ని 2 మీటర్ల బ్యాండ్‌లో (వీహెచ్ఎఫ్) గట్టిగా తిరిగి పంపుతుంది. వాడండి, కానీ పవర్ తగ్గించి వాడండి. 50 వాట్లలో అదే పనిగా పంపితే పెట్టె చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతుంది, ఇంజన్ ఆపి ఉంటే బ్యాటరీ కూడా దిగిపోతుంది.

సరే, కొనేటప్పుడు సంగతి. అమ్మకం ప్రకటనల్లో "పవర్ ఆన్ అవుతోంది, అంతకుమించి టెస్ట్ చేయలేదు" అని రాస్తారు. మీరు దాన్ని "ట్రాన్స్‌మిట్ పోయింది" అని చదువుకోండి. హ్యామ్ (ఈ రేడియో వాడే మనిషి) దగ్గర పవర్ కొలిచే వాట్ మీటర్ లేకపోవడం చాలా అరుదండీ!

నేను ఒక సంచి పట్టుకెళ్తాను. అందులో 12 వోల్టుల చిన్న లిథియం బ్యాటరీ, వాట్ మీటర్, డమ్మీ లోడ్, నా చిన్న సెట్టు. డమ్మీ లోడ్ అంటే యాంటెన్నాకి బదులు తగిలించే 50 ఓమ్‌ల లోడు. పవరంతా అందులోనే వేడిగా పోతుంది, గాల్లోకి దాదాపు ఏమీ వెళ్ళదు. బల్ల మీదే బిగించి, పీటీటీ (మాట్లాడటానికి నొక్కే మైక్ బటన్) నొక్కి మీటర్ చూశాను. వీహెచ్ఎఫ్‌లో స్పెసిఫికేషన్ 50 వాట్లు, నాకు 46 చూపించింది. యూహెచ్ఎఫ్‌లో 35 ఉండాలి, 31 వచ్చింది. బ్యాటరీ మీద నడిపితే ఆ మాత్రం తగ్గడం మామూలే. 50కి బదులు 12 చూపిస్తే మాత్రం నమస్కారం పెట్టి వచ్చేయండి. అలాగే హై ఒక్కటే కాదు, 20, 10, 5 వాట్ల లెవెల్స్ కూడా నొక్కి చూడండి. రెండు బ్యాండ్లలోనూ చూడండి. ఒక బ్యాండ్ బాగుండి ఇంకోటి పోయిన సెట్లు ఉంటాయి.

ఇప్పుడు ఆఫ్‌రోడ్‌కి సంబంధించిన పరీక్ష. నా చిన్న సెట్టుని అదే ఫ్రీక్వెన్సీలో పెట్టి పెద్దాయనకి ఇచ్చి, కాస్త దూరంలో నిలబడమన్నాను. నేను ఒక చేత్తో పీటీటీ నొక్కి మాట్లాడుతూ, రెండో చేత్తో స్క్రూడ్రైవర్ ప్లాస్టిక్ పిడితో పెట్టె మీద మెల్లగా తట్టాను. పైన, పక్కన, వెనకాల సాకెట్ దగ్గర. లోపల సోల్డర్ వదులైతే అవతల చిటపటమంటుంది, లేదా మాట తెగిపోతుంది. ఇంట్లో బల్ల మీద ఏళ్ళ తరబడి హాయిగా పనిచేసిన సెట్టు లోపం రాళ్ళ మీద గంటసేపట్లో బయటపడేది ఇక్కడే. తర్వాత మైక్ వైరు. అది మైక్‌లోకి దూరే మెడ దగ్గర అటూ ఇటూ వంచుతూ మాట్లాడండి. నాది అక్కడ కొద్దిగా తెగింది, పెద్దాయనే చూపించి పది డాలర్లు తగ్గించారు. ఆ తగ్గింపు పోగా 200.

రిసీవర్‌కి ఇంకా తేలిక. అమెరికాలో నోవా వాతావరణ రేడియో 162.400 నుంచి 162.550 మెగాహెర్ట్జ్ మధ్య రోజంతా మాట్లాడుతూనే ఉంటుంది. ఈ సెట్టు అది పట్టుకుంటుంది. దగ్గర స్టేషన్ ఎలాగూ వస్తుంది, దూరపు స్టేషన్ కూడా వస్తోందా చూడండి. వాల్యూమ్ నాబ్ తిప్పితే గరగరమంటోందా చూడండి.

ముందు ప్యానెల్ ఊడదీయమని అడగడం మర్చిపోకండి. ఇది విడిగా వస్తుంది, పెట్టె సీటు కింద, ప్యానెల్ డాష్ మీద పెట్టుకోవచ్చు. దానికి వైఎస్‌కే-8900 అనే సెపరేషన్ కిట్ ఉండాలి. అది లేని సెట్టు చవగ్గా వచ్చిందని మురిసిపోతే, ఈ మోడల్ ఆగిపోయింది కాబట్టి కిట్ కోసం వెతుకులాట మీ వంతు. నా లెక్కలో కిట్ ఉన్న పీసుకి 40 డాలర్లు ఎక్కువ ఇచ్చినా నష్టం లేదు.

"ఓపెన్ చేసిన రేడియో అండీ, ఏ ఫ్రీక్వెన్సీలోనైనా ట్రాన్స్‌మిట్ చేస్తుంది" అని కొందరు గొప్పగా చెప్తారు. నాకైతే అది గొప్పగా అనిపించదు. ఎవరో మూత విప్పి లోపల సోల్డరింగ్ ఐరన్ పెట్టారని అర్థం. హ్యామ్ బ్యాండ్లు దాటి పంపడానికి ఎలాగూ మీకు అనుమతి ఉండదు.

యాంటెన్నా దగ్గరికొద్దాం. అయస్కాంతం బేస్ ఉన్న యాంటెన్నా కొనేసి జేఎల్ (కొత్త తరం) రాంగ్లర్ బానెట్ మీద పెడితే జారి కింద పడుతుంది. ఆ బానెట్, తలుపులు అల్యూమినియం. పైకప్పు ప్లాస్టిక్ లాంటి కాంపోజిట్ లేదా గుడ్డ. మామూలు క్వార్టర్ వేవ్ యాంటెన్నా, అంటే సుమారు 19 అంగుళాల కడ్డీ, కింద లోహపు పరుపు ఉంటేనే సరిగ్గా పనిచేస్తుంది. అందుకే నేను బానెట్ పక్కన బ్రాకెట్ పెట్టి, కింద లోహం అంతగా అక్కర్లేని హాఫ్ వేవ్ యాంటెన్నా వేశాను. ఎస్‌డబ్ల్యూఆర్ (యాంటెన్నా నుంచి పవర్ ఎంత వెనక్కి తిరిగొస్తోందో చెప్పే అంకె, తక్కువైతే మంచిది) 1.5 లోపే ఉంది. ఫోర్‌రన్నర్ వాళ్ళకి ఈ బాధ లేదు, స్టీలు కప్పు మధ్యలో పెట్టుకుంటే అంతకన్నా మంచి చోటు లేదు. రేడియోలో మిగిలిన డబ్బు ఇక్కడ పెట్టండి.

పవర్ వైరు నేరుగా బ్యాటరీ నుంచి, ఫ్యూజ్ బ్యాటరీకి దగ్గరగా. సిగరెట్ సాకెట్ వద్దు, 50 వాట్లకి ఇది 8, 9 ఆంపియర్లు లాగుతుంది.

ఇక లైసెన్సు. హెచ్-1బీ మీద ఉన్నవాళ్ళు లైసెన్సు పరీక్ష రాయొచ్చా అని అడుగుతుంటారు. రాయొచ్చు. పౌరసత్వం, గ్రీన్ కార్డు అక్కర్లేదు, అమెరికాలో మెయిలింగ్ అడ్రస్ కావాలి. టెక్నీషియన్ (మొదటి మెట్టు లైసెన్సు) పరీక్షలో 35 ప్రశ్నలు, 26 సరిగ్గా రాస్తే పాస్. ఎఫ్‌సీసీ (లైసెన్సులిచ్చే అమెరికా ప్రభుత్వ సంస్థ) ఫీజు 35 డాలర్లు, లైసెన్సు 10 ఏళ్ళు. ఒక్క మాట, మీరిచ్చే అడ్రస్ ఎఫ్‌సీసీ వెబ్‌సైట్‌లో అందరికీ కనపడుతుంది. ఇంటి అడ్రస్ అంటే టెన్షన్ ఉన్నవాళ్ళు పీఓ బాక్స్ తీసుకోండి.

మీ గ్రూపులో అందరూ జీఎంఆర్ఎస్ (హ్యామ్ కాకుండా మామూలు జనం వాడుకునే ఇంకో రేడియో సర్వీసు) వాడుతుంటే మాత్రం ఈ రేడియో కొనకండి. దానికి పరీక్ష లేదు, అదే 35 డాలర్లకి ఇంటిల్లిపాదికీ 10 ఏళ్ళు. హ్యామ్ సెట్టుతో జీఎంఆర్ఎస్‌లో మాట్లాడటం రూల్స్ ప్రకారం కుదరదు.

ఇండియా వెళ్ళిపోతే తీసుకెళ్ళొచ్చా అంటారా? అక్కడి లైసెన్సు లేకుండా తీసుకెళ్ళకండి. అక్కడ 2 మీటర్ల బ్యాండ్ 144 నుంచి 146 దాకానే. ఇక్కడ మనం రోజూ వాడే 146.520 అక్కడ బ్యాండ్ బయట పడుతుంది. తిరిగి వెళ్ళి స్థిరపడేవాళ్ళు ఆ పరీక్ష రాసుకోవచ్చు, హైదరాబాద్‌లోనే జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ ఉంది. అంత ఓపిక లేకపోతే దీన్ని ఇక్కడే హ్యామ్‌ఫెస్ట్‌లో బల్ల మీద పెట్టండి, వాట్ మీటర్ కూడా పక్కనే పెట్టండి.