ఒకే కుండ సంగటి, వేరువేరు ముద్దలు

శ్రోతలకు నమస్కారం. మన కడపలో ఏ ల్యాబ్ మెట్ల దగ్గరైనా ఓ పది నిమిషాలు నిలబడి చూడండి, రిపోర్టు చేతికి రాగానే జనం వెతికేది ఒక్క అంకెనే, హిమోగ్లోబిన్. "10.2 అంటనే, రక్తం తక్కువుంది పాపా నీకు" అని పక్కనున్న పెద్దమ్మ తేల్చేసి, బెల్లం, ఖర్జూరం, ఐరన్ మాత్రలు అన్నీ అక్కడికక్కడే రాసిచ్చేస్తుంది. ఆడవాళ్లకు 12, గర్భిణులకు 11, మగవాళ్లకు 13 కంటే తగ్గితే రక్తహీనతే కాబట్టి ఆమె మాటలో తప్పేం లేదు. కాకపోతే ఎందుకు తగ్గిందో ఆ అంకె చెప్పదు. చెప్పే అంకెలు అదే సీబీపీ, అంటే రక్తకణాల పరీక్ష, కాగితంలో, మనం మడిచి సంచిలో పెట్టేసే కింది వరుసల్లో ఉంటాయి.

ఇద్దరు ఆడవాళ్లు అనుకుందాం, ఇద్దరికీ 10.2. మొదటామెకు ఎర్రకణాలు 45 లక్షలు, కణం సైజు, అంటే ఎమ్‌సీవీ, 72. రెండో ఆమెకు కణాలు 54 లక్షలు, ఎమ్‌సీవీ 60. మామూలుగా ఎమ్‌సీవీ 80 నుంచి 100 మధ్య ఉండాలి. ఒకే కుండలో సంగటి కెలికి, ఒకరు 45 ముద్దలు, ఇంకొకరు 54 ముద్దలు చేసినట్టన్నమాట. మొదటామెకు ఐరన్ అనే సరుకే తక్కువై ఉండొచ్చు, అందుకే సైజు తగ్గింది, ముద్దలూ రెండో ఆమె అన్ని కాలేదు. రెండో ఆమె ఎముక మజ్జ ముద్దలు బాగానే చేస్తోంది, కానీ ప్రతిదీ బుల్లిదే, అది తలసీమియా లక్షణం కావచ్చు, అంటే హిమోగ్లోబిన్ సరిగా తయారు కాకుండా చేసే, అమ్మానాన్నల నుంచి పుట్టుకతో వచ్చిన గుణం.

1973లో మెంట్జర్ అనే డాక్టరు దీనికి ఒక చిన్న లెక్క చెప్పాడు. ఎమ్‌సీవీని ఎర్రకణాల సంఖ్యతో, మిలియన్లలో తీసుకుని (45 లక్షలంటే 4.5 మిలియన్లు), భాగించండి. 72ను 4.5తో భాగిస్తే 16, 60ని 5.4తో భాగిస్తే 11 చిల్లర. 13 దాటితే ఐరన్ లోపం వైపు, 13 లోపుంటే తలసీమియా వైపు అనుమానం. అనుమానమే సుమా, తీర్పు కాదు! ఫెరిటిన్ పరీక్షతో ఐరన్ నిల్వ తెలుస్తుంది, తలసీమియాకు హిమోగ్లోబిన్ ఎ2 అనే రకం ఎంత శాతం ఉందో చూస్తారు, అది 3.5 శాతం దాటితే బీటా తలసీమియా లక్షణం ఉన్నట్టే లెక్క. ఐరన్ లోపం కూడా ఉంటే ఆ ఎ2 తక్కువగా కనపడి మోసం చేస్తుంది, కాబట్టి ముందు ఐరన్ సరిచేసుకుని మళ్లీ చేయించమంటారు.

మేనరికాలు మనకు మామూలే కాబట్టి చెబుతున్నా, ఈ తలసీమియా లక్షణం ఉన్నామెకు పెద్దగా ఇబ్బంది ఉండదు, కానీ భర్తకూ ఉంటే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశం, నెలనెలా రక్తం ఎక్కించాల్సిన బిడ్డ పుట్టడానికి. పెళ్లికి ముందు జాతకాలతో పాటు ఈ కాగితం కూడా పక్కపక్కన పెట్టి చూస్తే పోయేదేముంది? అలాగని డాక్టరమ్మ ఇచ్చిన ఐరన్ మాత్రలు మీ అంతట మీరు ఆపేయకండి, ముఖ్యంగా గర్భిణులు.

ఎమ్‌సీవీ 100 దాటిందంటే కథే వేరు, బీ12, ఫోలిక్ యాసిడ్, థైరాయిడ్, మద్యం అలవాటు, ఇవన్నీ అడుగుతారు. ఒక్క ఐరన్ మాత్రలతో అది కుదరదు.

ఇంకొకటుంది, ఆర్‌డీడబ్ల్యూ. ముద్దలన్నీ ఒకే సైజులో ఉన్నాయా లేదా అనేది అది చెబుతుంది, మామూలుగా 14.5 లోపే. ఐరనూ బీ12 రెండూ తక్కువైన మనిషికి కొన్ని ముద్దలు బుల్లివి, కొన్ని లావువి, సరాసరి తీస్తే ఎమ్‌సీవీ చక్కగా 88 అని వస్తుంది, చూసినవాళ్లు బాగానే ఉందనుకుంటారు. దాని కిందే ఆర్‌డీడబ్ల్యూ 19 అని ఉంటుంది.