పంజరంలో రామచిలుక

శ్రోతలకు నమస్కారం.

మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఇప్పటికీ కొన్ని ఇళ్ల వసారాల్లో రామచిలుక పంజరం వేలాడుతూ కనిపిస్తుంది. ఇంట్లోవాళ్లు దాన్ని కన్నబిడ్డలా చూసుకుంటారు. జామపండు పెడతారు, పేరు పెట్టి పిలుస్తారు. ఆ ప్రేమను నేను శంకించడం లేదు. ఆ చిలుక అక్కడికి ఎలా చేరిందో మాత్రం ఒక్కసారి ఆలోచించమంటున్నాను.

రామచిలుక చెట్టు తొర్రల్లో గుడ్లు పెడుతుంది. మోడువారిన తాటిచెట్టు దొరికితే దానికి అంతకంటే మంచి ఇల్లు లేదు. పిల్లలకు రెక్కలు రాకముందే తొర్రలో చెయ్యి పెట్టి లాగేస్తారు. చెయ్యి పట్టకపోతే తొర్రనే గొడ్డలితో పగలగొడతారు. ఆ గూడు ఇక ఏ చిలుకకూ పనికిరాదు. అట్టపెట్టెల్లో కుక్కి తరలించేటప్పుడు కొన్ని పిల్లలు దారిలోనే చచ్చిపోతాయి. బతికి బట్టకట్టినదాన్ని మనం కొంటాం.

"మరి ఒంగోలు గిత్తను పెంచడం లేదా?" అని అడిగేవారున్నారు. న్యాయమైన ప్రశ్నే. కానీ మన ఉపఖండంలో మనిషి పశువును మచ్చిక చేసుకోవడం మొదలై వేల ఏళ్లయింది. తరతరాలుగా సాధువైనవాటినే ఏరి పెంచితే ఆ గుణం రక్తంలో ఇంకింది. రష్యాలో దిమిత్రి బెల్యాయెవ్ అనే శాస్త్రవేత్త 1959లో నక్కలతో ఇదే పని మొదలుపెట్టారు. మనిషిని చూసి బెదరనివాటికే సంతానం కలగనిస్తూ పోతే, కొన్ని తరాలకు తోక ఊపుతూ దగ్గరికి వచ్చే నక్కలు పుట్టాయి. పంజరంలోని చిలుకకు అలాంటి చరిత్ర ఏదీ లేదు. దాని తల్లిదండ్రులు ఏ జొన్నచేల మీదో గుంపుగా ఎగురుతున్నవే. అది మన మాటలు పలుకుతోందంటే, జత కట్టడానికి తన జాతివారు లేక మనల్నే గుంపు అనుకుంటోందన్నమాట.

ఒక ఇంట్లో రొమ్ము మీద ఈకలన్నీ తానే పీక్కున్న చిలుకను దగ్గరగా చూశాను. చర్మం ఎర్రగా బయటపడింది. ఏదో తెగులనుకుని ఆ ఇల్లాలు పాపం పసుపు రాస్తున్నారు. ఒంటరితనం వల్ల కూడా చిలుకలు అలా చేసుకుంటాయని చెబితే ఆమె చాలాసేపు మాట్లాడలేదు.

నక్షత్ర తాబేలుది మరో కథ. అది ఇంట్లో ఉంటే కలిసివస్తుందని నమ్మి దాచుకుంటారు. గడ్డీ ఆకులూ మేసే ప్రాణికి అన్నం, రొట్టె పెడతారు. ఎండ సోకదు. డిప్ప మెత్తబడుతుంది, వంకర తిరుగుతుంది. ఎవరికి కలిసివచ్చినా దానికి మాత్రం రాలేదు.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఈ రెండింటినీ పట్టడాన్నీ అమ్మడాన్నీ నిషేధించింది. అయినా నాకు చట్టం కంటే కొనేవారి మనసు మీదే ఆశ ఎక్కువ. కొనేవారు లేకపోతే తాటిచెట్టు ఎక్కేవాడూ ఉండడు.

ఇప్పటికే మీ ఇంట్లో చిలుక ఉంటే జాలితో పంజరం తలుపు తెరిచి వదిలేయకండి. చేతిమేతకు అలవాటుపడినది తిండి వెతుక్కోలేదు, కాకులకూ పిల్లులకూ దొరికిపోతుంది. తాబేలునైనా ఏదో ఒక చెరువు గట్టున వదలకండి. దాని రోగం అక్కడివాటికి అంటుకోవచ్చు. దగ్గరలోని అటవీశాఖ కార్యాలయానికి ఫోను చేసి, ఎక్కడికి తీసుకురావాలో అడగండి.

నమస్కారం.