పెన్సిల్ మొన నుంచి బోరింగు దాకా: పీడనం గురించి పిల్లలతో

పిల్లలూ, చెక్కిన పెన్సిల్ ఉన్నవాళ్లు బయటికి తియ్యండి. లేనివాళ్లు పక్కవాళ్లది చూడండి. పెన్సిల్‌ని అడ్డంగా పెట్టి, మొన వైపు ఒక చూపుడు వేలు, మొద్దు వైపు రెండో చూపుడు వేలు ఆనించండి. ఇప్పుడు రెండు వేళ్లతో మెల్లగా నొక్కండి. మెల్లగానే, గుచ్చుకునేంత వద్దు.

ఏ వేలికి నొప్పి తెలుస్తోంది? మొన వైపు వేలికి. సరే, అయితే ఏ వేలి మీద ఎక్కువ బలం పడుతోంది?

"మొన వైపే మాస్టారూ" అని చాలామంది చేతులెత్తారు. ఒక్క నిమిషం ఆగి పెన్సిల్ వంక చూడండి. అది కదలకుండా ఉంది కదా. ఒక వైపు బలం ఎక్కువైతే రెండో వైపుకి జరిగిపోవాలి. జరగడం లేదంటే రెండు వేళ్ల మీదా పడే బలం సమానమే. బలం ఒకటే, నొప్పి మాత్రం ఒక్క వేలికే. ఎందుకంటే ఒక వైపు ఆ బలమంతా ఆవగింజంత చోటు మీద పడుతోంది, రెండో వైపు అంతకన్నా చాలా ఎక్కువ చోటు మీద పరుచుకుంటోంది. ఒక్కో చదరపు మీటరు మీద ఎంత బలం పడుతోందో చెప్పేదే పీడనం. బలాన్ని వైశాల్యంతో భాగిస్తే అది వస్తుంది.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఈ పాఠం ఇలా మొదలుపెట్టేవాణ్ణి కాదు. బోర్డు మీద సూత్రం రాసి, ప్రమాణం పాస్కల్ అని చెప్పి, రెండు లెక్కలు చేయించి ముగించేవాణ్ణి. ఒకరోజు ఎనిమిదో తరగతి అమ్మాయి లేచి, "మాస్టారూ, కత్తికి సాన పడితే కత్తి బలం పెరుగుతుందా?" అని అడిగింది. గంట కొట్టే వేళ, తొందరలో ఉన్నాను. "అవునమ్మా" అనేశాను. ఇంటికి వెళ్లాక కత్తిపీట ముందు కూర్చుని వంకాయలు తరుగుతున్న మా అమ్మని చూస్తే నా తప్పు తెలిసింది. బలం అమ్మ చేతిది. సాన పట్టడం వల్ల పెరిగింది బలం కాదు. అంచు పలచబడి, అదే బలం ఇంకా సన్నటి గీత మీద పడుతోంది, అంతే. మర్నాడు మొదటి పీరియడ్‌లోనే ఆ అమ్మాయిని లేపి, నిన్న నేను చెప్పింది తప్పని అందరి ముందూ చెప్పాను. అప్పటినుంచి నా పాఠంలో పెన్సిల్ ముందు, సూత్రం తర్వాత.

మీలో పొలం పనులు చూసినవాళ్లు ఎంతమంది? వరి నాట్లకి ముందు మడిలో నీళ్లు పెట్టి దమ్ము చేస్తారు కదా. ఆ బురదలోకి ట్రాక్టర్ మామూలు టైర్లతో దిగితే కూరుకుపోతుంది. అందుకే వెడల్పాటి ఇనుప చక్రాలు బిగిస్తారు. ట్రాక్టర్ బరువు తగ్గలేదు, నిజానికి ఆ ఇనుము బరువు కూడా కలిసింది. అయినా కూరుకుపోదు. ఆ బరువు ఎక్కువ నేల మీద పరుచుకుంది కాబట్టి. నా చిన్నప్పుడు ధాన్యం బస్తాలతో వస్తున్న మా ఎడ్లబండి చక్రం గట్టు దిగువన బురదలో దిగబడింది. ఎడ్లని ఎంత అదిలించినా కదల్లేదు. మా నాన్న రెండు పెద్ద చెక్కలు తెచ్చి, చక్రం ముందు పరిచి, "ఇప్పుడు తోలు" అన్నాడు. బండి చెక్కల మీదికి ఎక్కి బయటపడింది. మా నాన్నకి పాస్కల్ పేరు తెలియదు. బురదకి ఎంత చోటు కావాలో బాగా తెలుసు.

ఇప్పుడు ఒక లెక్క. బరువు తూచే మిషన్ మీద రెండు కాళ్లతో నిలబడండి. 40 కిలోలు చూపించిందనుకుందాం. అక్కడే ఒంటికాలి మీద నిలబడితే ఎంత చూపిస్తుంది? 20 అని ఎవరో అన్నారు. ఇంటికెళ్లి చూడండి, 40 అనే చూపిస్తుంది. భూమి మిమ్మల్ని లాగే బలం కాళ్లు లెక్కపెట్టి మారదు. మారేది అరికాలి కింది పీడనం. బలాన్ని న్యూటన్లలో కొలుస్తాం, చదరపు మీటరు మీద ఒక న్యూటన్ పడితే ఆ పీడనం ఒక పాస్కల్. కిలోకి సుమారు 10 న్యూటన్ల చొప్పున మీ బరువు 400 న్యూటన్లు. రెండు అరికాళ్లూ కలిపి 300 చదరపు సెంటీమీటర్లు అనుకుంటే, అంటే 0.03 చదరపు మీటర్లు, పీడనం దాదాపు 13,300 పాస్కల్‌లు. ఒంటికాలి మీద అయితే దానికి రెట్టింపు. బస్సులో పక్కనున్నావిడ హైహీల్స్ చెప్పు మీ కాలి మీద పడితే ప్రాణం లేచిపోయేది ఇందుకే.

ఈ 13,300 అంకె గుర్తుపెట్టుకోండి. మన చుట్టూ ఉన్న గాలి మనందరినీ ఎంత పీడనంతో నొక్కుతోందో తెలుసా? సముద్ర మట్టం దగ్గర 1,01,325 పాస్కల్‌లు. మీరు నేలని నొక్కే దానికి ఏడు రెట్ల పైన. అరచెయ్యి చాచండి. వేళ్లతో కలిపి సుమారు 100 చదరపు సెంటీమీటర్లు ఉంటుంది. దాని మీద గాలి వేస్తున్న బలం నూరు కిలోల బరువుతో సమానం. పాతిక కిలోల బియ్యం బస్తాలు నాలుగు! మరి చెయ్యి ఎందుకు కుంగిపోవడం లేదు? గాలి పైనుంచే కాదు, కిందనుంచీ పక్కలనుంచీ అంతే పీడనంతో నొక్కుతోంది. ఒంట్లో ఉన్నవీ లోపలినుంచి బయటికి నొక్కుతున్నాయి. అందుకే మనకి ఏమీ తెలియదు.

కనపడని గాలి ఇంత పని చేస్తుందంటే నమ్మబుద్ధి కాదు. నమ్మొద్దు, చేసి చూడండి. కొబ్బరి బొండానికి స్ట్రా సరిగ్గా పట్టేంత చిన్న చిల్లు మాత్రమే పెట్టించండి. స్ట్రా చుట్టూ ఏమాత్రం సందు ఉండకూడదు. ఇప్పుడు తాగండి. రెండు గుక్కలు వస్తాయి, తర్వాత ఎంత పీల్చినా రావు. స్ట్రా కొంచెం వదులు చేస్తే మళ్లీ వస్తాయి. మనం నీళ్లని లాగుతున్నామని అనుకుంటాం కదా, అది నిజమైతే సందు లేకపోయినా రావాలి. అసలు సంగతి ఏమిటంటే, మనం స్ట్రాలో గాలిని తీసేస్తున్నాం, దాంతో అక్కడ పీడనం తగ్గుతోంది. బొండంలో నీటి మీద ఉన్న గాలి ఆ నీటిని స్ట్రాలోకి తోస్తోంది. పైకి తెచ్చేది ఆ తోపే. బయటి గాలి లోపలికి వచ్చే దారి మూసేస్తే తోసేవాళ్లు లేరు.

గాలి తోపుకి ఒక హద్దు ఉంది. ఇటలీలో బావులకి పంపులు పెట్టేవాళ్లు దీన్ని ముందు గమనించారు. పైనుంచి పీల్చే పంపు ఎంత మంచిదైనా నీళ్లు 10 మీటర్ల దాకా వచ్చి ఆగిపోయేవి. గెలీలియో అనే గొప్ప శాస్త్రవేత్త చివరి రోజుల్లో ఆయన దగ్గర ఉన్న టోరిసెల్లి దీని గురించి ఆలోచించాడు. పది మీటర్ల గొట్టంతో ఎవరు ప్రయోగం చేస్తారు? నీటికన్నా 13.6 రెట్లు బరువైన పాదరసం తీసుకుంటే చిన్న గొట్టం చాలు కదా అనుకున్నాడు. 1643లో ఒక చివర మూసిన మీటరు పొడవు గాజు గొట్టం నిండా పాదరసం పోసి, పాదరసం ఉన్న గిన్నెలో బోర్లించి నిలబెడితే, అది దిగి 76 సెంటీమీటర్ల దగ్గర ఆగింది. నోట్‌బుక్కులో 76ని 13.6తో గుణించండి. 1,033.6 సెంటీమీటర్లు, అంటే దాదాపు 10.3 మీటర్లు. బావి పంపు ఆగిన చోటు, గాజు గొట్టం చెప్పిన చోటు ఒకటే! ముప్పై ఏళ్లు పైగా ఈ గుణకారం చేయించాను. చేయించిన ప్రతిసారీ నాకు అంతే సంతోషం.

అయిదేళ్లకి, 1648లో, ఫ్రాన్స్‌లో పాస్కల్ అనే శాస్త్రవేత్త (పీడనం ప్రమాణానికి పెట్టింది ఈయన పేరే) తన బావ చేత అలాంటి గొట్టాన్ని పుయ్ ద డోమ్ అనే కొండ ఎక్కించాడు. పైకి వెళ్లేకొద్దీ నెత్తి మీద గాలి తగ్గుతుంది, పాదరసం దిగాలి అని అతని ఊహ. సుమారు 8 సెంటీమీటర్లు దిగింది.

ఇప్పుడు మన ఊరి బోరింగు. అందులో నీళ్లు 10 మీటర్లకన్నా ఎంతో లోతున ఉన్నా పైకి వస్తున్నాయి. మరి టోరిసెల్లి తప్పా? మన చేతిపంపు బాగుచెయ్యడానికి వచ్చినప్పుడు మెకానిక్కులు ఏం చేస్తారో గుర్తుచేసుకోండి. పొడవాటి ఇనుప రాడ్లు ఒకదాని తర్వాత ఒకటి పైకి లాగుతూనే ఉంటారు. ఎందుకంటే ఆ పంపు సిలిండరు పైన లేదు, అడుగున నీళ్లలో మునిగి ఉంది. మనం పిడి కొడితే రాడ్ల చివర ఉన్న పిస్టన్ నీటిని కింది నుంచి ఎత్తుతుంది. గాలి తోపు మీద ఆధారపడదు, కాబట్టి 10 మీటర్ల హద్దు దానికి లేదు.

నీటికీ పీడనం ఉంది. బావిలో ఈత కొట్టేవాళ్లకి తెలుసు, రెండు నిలువుల లోతుకి మునిగితే చెవులు నొప్పెడతాయి. పైనున్న నీటి బరువే దానికి కారణం. ఇందులో ఒక చిత్రం ఉంది. ఇరుకు బావిలో 5 మీటర్ల లోతున ఎంత పీడనమో, వందల ఎకరాల చెరువులో 5 మీటర్ల లోతునా అంతే. లెక్కలోకి వచ్చేది లోతు, విస్తీర్ణం కాదు. చెరువు గట్టు పైన సన్నగా, కింద వెడల్పుగా ఎందుకు పోస్తారో, 124 మీటర్ల నాగార్జునసాగర్ ఆనకట్ట అడుగున అంత మందం ఎందుకో ఇప్పుడు మీరే చెప్పగలరు.

ఇక చివరి ప్రయోగం. ఈ ప్లాస్టిక్ బాటిల్‌కి అడుగు దగ్గర చిల్లు పెట్టాను. మూత తీసేసి ఉంది. చూడండి, ధార ఎంత దూరం పడుతోందో. నీటి మట్టం తగ్గేకొద్దీ ధార దగ్గరకి వస్తోంది. అమ్మా, ముందు వరసలో ఉన్న పాపా, నువ్వు రా. మళ్లీ నింపి ఇస్తాను. బెంచీ ఎక్కి, బాటిల్‌ని చెయ్యి చాపినంత ఎత్తులో పట్టుకుని వదిలెయ్. మిగతావాళ్లు బాటిల్ కింద పడేలోపు ధార వంకే చూడండి. ఊ, వదులు.

చూశారా? పడుతున్నంతసేపూ ధార ఆగిపోయింది. చిల్లు అలాగే ఉంది, నీళ్లూ ఉన్నాయి. నీటి పీడనం పైనున్న నీటి బరువు వల్ల వస్తుందని ఇందాకే అనుకున్నాం. మరి బాటిల్, నీళ్లు కలిసి పడిపోతున్నప్పుడు పై నీరు కింది నీటి మీద ఎలా ఆనుతుంది? దీనికి నేను జవాబు చెప్పను. ఇంట్లో నాలుగైదుసార్లు చేసి చూడండి. వచ్చే శనివారం మళ్లీ వస్తాను, అప్పుడు మీరు చెప్పండి, నేను వింటాను.